ఇంటి అద్దెకు హద్దు వలయునా?



సంసారవ్యయములలో పప్పు, నూనె, కూరగాయలు మొదలగు వానిని గృహిణి తన నేర్పుచే కొంత తగ్గించుకొనవచ్చును గాని, ఇంటి అద్దెలో ఒక్క రూపాయియు తగ్గించుకొనజాలదు. అది చెల్లించిన పిదపనే తక్కిన ఖర్చులు. కావున ఏటేట పెరుగు అద్దెకు దేశమంతటను ప్రభుత్వము హద్దు విధింపవలయునా యను ప్రశ్న న్యాయవాదులకు మాత్రమే విడువదగినది గాదు. అది మన వంటయింటి ప్రశ్నయే.

ముందుగా లెక్క చూతము. మూడువేల రూపాయల అద్దె ఏటేట నూటికి పదివంతున పెరిగినచో అయిదేండ్లకు సుమారు 4,830 రూపాయలగును. నాలుగు వంతున పెరిగినచో సుమారు 3,650 రూపాయలగును. భేదము నెలకు 1,180 రూపాయలు. బడిపంతులకు జీతముతోపాటు అద్దెభత్యము కలదు. జీతము పెరిగినపుడు అదియు పెరుగును. మా దమ్మపేట చుట్టుప్రక్కల పామాయిలు గెలలు కోయు కూలీకిని, అంగడిలో పద్దులు వ్రాయు చిన్నవానికిని ఆ భత్యము లేదు. వారి యింట అద్దె పెరిగినచో పిల్లల పాలు తగ్గును.

అద్దెకు హద్దు క్రొత్త మాట గాదు. అద్దెయిచ్చిన వానిని వెడలగొట్టిన యజమానునకును, పొమ్మన్నను పోని కాపురస్థునకును కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున సమానముగా పండ్రెండు పణముల దండన విధించెను. ఇరుపక్షములను ఒక్క త్రాసున తూచుటయే ఇందలి విశేషము.

మన కాలమున 1960లో ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టము వెలసినది. న్యాయమైన అద్దె యెంతయో నిర్ణయించుటకు అద్దె నియంత్రణాధికారి యేర్పడెను. కాని 1957 ఆగస్టు 26వ తేదీ మొదలుకొని కట్టిన యిండ్లను ఆ చట్టము విడిచిపెట్టెను. పాతయింటివానికి రక్షణము, క్రొత్తయింటివానికి లేకుండుట సమానధర్మము గాదని 1983లో సుప్రీముకోర్టు ఆ మినహాయింపును కొట్టివైచినది. తరువాత 2005 సవరణచే పదునైదేండ్లు నిండని కట్టడములును, నగరపాలక ప్రాంతములలో నెలకు 3,500, ఇతరత్ర 2,000 రూపాయలకు మించిన అద్దెయిండ్లును చట్టమునుండి తొలగినవి. నేడు పట్టణములో రెండువేలకు ఎట్టి యిల్లు దొరకునో మీరే యెరుగుదురు. అదిగాక ఆ చట్టము పురపాలక ప్రాంతములకు వర్తించునది. ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే గాని పల్లెలకు రాదు.

అట్లని అద్దెను కదలనీక బిగించుటయు మేలు గాదు. బొంబాయిలో 1947 చట్టము 1940 నాటి అద్దెను ఆధారముగా గొని నిలిపినది. అర్ధశతాబ్దము గడచినను అద్దె అచ్చటనే యుండుటచే యజమానులు మరమ్మతులు మానిరి. గోడలు పగిలెను, పైకప్పులు కూలెను. అద్దె తక్కువయైనను తలపై మొత్తము రహస్యముగా చేతులు మారెను. ఇంతకాలము అద్దెను స్తంభింపజేయుట న్యాయము గాదని 1997లో సుప్రీముకోర్టు పలికెను. అంతట మహారాష్ట్రము 1999 చట్టముచే ఏటికి నూటికి నాలుగు వంతుల పెంపును అనుమతించెను. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రము 2019లో ధరల పెరుగుదలకు ఏడు వంతులు చేర్చి హద్దు గట్టి, 2023లో అది పదివంతులకు మించరాదని సవరించెను. పదునైదేండ్లు నిండని యిండ్లను విడిచిపెట్టెను. క్రొత్తయిండ్లు కట్టువారు వెనుదీయకుండుటకే ఈ మినహాయింపు.

మన కేంద్రప్రభుత్వము 2021లో ఆదర్శ అద్దె చట్టమును రాష్ట్రముల ముందుంచినది. నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి ముందుసొమ్ము గొనరాదనియు, ఒడంబడిక వ్రాతపూర్వకముగా నుండవలయుననియు అందు కలదు. కాని పెంపునకు హద్దు లేదు, ఒడంబడికయే ప్రమాణము. ఇల్లు వెదకుకొను పేదరాలికిని, ఇల్లుగల ధనవంతునకును ఒడంబడికలో సమానబలము కలదా?

నా తలంపు చెప్పెదను. దేశమంతటికి ఒకే అంకె తగదు. హైదరాబాదు ధరయు దమ్మపేట ధరయు ఒక్కటి గావు. అయినను నియమము ఒక్కటి కావలయును: ఏటికి ఒక్కమారే పెంపు, మూడు నెలలు ముందుగా వ్రాతపూర్వకమైన తెలియజేత, ధరల పెరుగుదలను బట్టి రాష్ట్రము నిర్ణయించు హద్దు, పెంపునకు ఒప్పుకొననందుకు వెడలగొట్టరాదను కట్టుబాటు. ఈ కడపటిది లేనిచో తక్కినవన్నియు నీటిపై వ్రాతలే. పాతవారిని పంపి క్రొత్తవారిని నచ్చిన అద్దెకు దెచ్చుకొనిన హద్దు యెక్కడ నిలుచును?

ఇల్లే జీవనాధారమైన వితంతువు మాటయో యని మీరడుగవచ్చును. రెండు గదుల అద్దెతో మందులు కొనుకొను ముదుసలిని లోభియనుట తప్పు. ధరలతోపాటు నడచు హద్దు ఆమెను నష్టపరుపదు; పన్నులును మరమ్మతులును పెరిగినచో ఆ లెక్క చూపి హెచ్చు కోరుటకు ఆమెకు త్రోవ యుండవలయును.

మా ఏజన్సీ పల్లెల కష్టము వేరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి గిరిజనేతరులకు స్థిరాస్తి బదలాయింపు చెల్లదని శాసించిరి. కౌలును అందులో చేరినది. అడవిబిడ్డల భూమిని గాచు ఆ కంచె సడలరాదు. కాని దానివలన అద్దెకుండు గిరిజనేతరునికి చెల్లుబాటగు కౌలుపత్రము దొరకదు. కాగితము లేని కాపురమునకు హద్దు విధించిన నేమి, మానిన నేమి? భూమిపై ఎట్టి హక్కును ఈయక, అద్దె చెల్లినదని మాత్రము తెలుపు రసీదునకు శాసనమున చోటుండవలయును.

సోదరులారా యని సభలలో పిలుచువారు శాసనములు చేయులోపల మనము చేయదగినది కలదు. అద్దెకున్నవారు ప్రతి నెలయు రసీదడిగి భద్రపరుపుడు. ఇల్లుగలవారు పెంచుటకు ముందు, మరమ్మతు చేసితిమా, ధర యెంత పెరిగినది యని లెక్క వ్రాసికొనుడు. తుమ్మెద పూవును నొవ్వనీక తేనె గొనును. అద్దె గొనుటయు అట్లే యుండిన యెడల యజమానురాలికిని కాపురస్థురాలికిని ఒకే వాకిట ముగ్గు వేయుట వేడుకగును.