పిడచకట్టిన నోరు స్కాన్‌లో కనిపిస్తుందా?

ఎండలో తిరిగొస్తే నోరు పిడచకట్టుకుపోవడం అందరికీ తెలిసిందే. చెంబెడు నీళ్లు తాగితే సర్దుకుంటుంది. కానీ ఎన్ని నీళ్లు తాగినా తడి నిలవని నోరు ఉంటుంది. నోరు, గొంతు, మెడ భాగాల్లో క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న వాళ్లలో చాలామందిది ఇదే బాధ.

మా లింగాల ఘనపూర్‌లో నాకు వరసకు పెద్దనాన్న అయ్యే ఒకాయన ఉన్నాడు. గొంతు క్యాన్సర్ తగ్గి రెండేళ్లయింది. ఊరంతా ‘గట్టోడు, బయటపడ్డడు’ అంటుంది. ఆయన మాత్రం దావత్‌లకు పోవడం మానేశాడు. "అందరి ముందట ముద్ద ముద్దకు నీళ్లు తాగుడు ఏం మంచిగుంటది బిడ్డా" అంటాడు. రాత్రి నాలుగుసార్లు నీళ్ల కోసం లేస్తాడు. డాక్టర్‌కు చెప్పావా అంటే, "పానమే దక్కింది, ఇదేం చెప్తం" అనేస్తాడు.

అసలు జరిగేది ఇది. చెవుల ముందు రెండు పెద్ద లాలాజల గ్రంథులు ఉంటాయి. పేరు పరోటిడ్. దవడ కింద ఒక జత, నాలుక కింద ఇంకో జత. అన్నీ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఇస్తాయి. తినేటప్పుడు ఊరేది ఎక్కువగా పరోటిడ్‌ది, మిగతా వేళల్లో తడి దవడ కింది గ్రంథులది. గడ్డను చంపడానికి ఆరేడు వారాలపాటు 60 నుంచి 70 గ్రే దాకా కిరణాలు ఇస్తారు. గ్రే అంటే రేడియేషన్ కొలత. పరోటిడ్ అంత ఓర్చుకోలేదు. రెండింటికీ సగటున 25 గ్రే లోపు, లేదా ఒక్కదానికైనా 20 గ్రే లోపు ఉంచాలన్నది డాక్టర్లు పెట్టుకున్న లెక్క.

మరి దెబ్బ ఎంతో కొలిచేదెలా? ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. నరంలోకి కొద్దిగా టెక్నీషియం మందు ఎక్కిస్తారు. గ్రంథులు దాన్ని లాక్కుంటాయి. తర్వాత నోట్లో నిమ్మరసం వేస్తారు. బాగున్న గ్రంథి వెంటనే ఖాళీ అవుతుంది, దెబ్బతిన్నది ఖాళీ కాదు. ఇదంతా కెమెరా గ్రాఫ్ గీసి చూపిస్తుంది. అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐలతో గ్రంథి లోపలి మార్పులు చూడొచ్చు. చికిత్స మధ్యలో మళ్లీ సీటీ తీస్తే పరోటిడ్ కుంచించుకుపోవడం కనిపిస్తుంది. 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు పెట్ స్కాన్‌లో ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఇంకో జత గ్రంథులు గమనించారు. అంటే కాపాడాల్సినవి ఇంకా ఉన్నాయన్నమాట.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక మాట ఉంది: లాగ్‌లో లేని ఎర్రర్‌ను ఎవరూ సరిచేయరు. ఎండిన నోరు కూడా అంతే. అయితే స్కానే సర్వం కాదు. గ్రాఫ్ బాగానే ఉన్నా నోరు ఎండుతోందనే వాళ్లుంటారు, గ్రాఫ్ పడిపోయినా పెద్దగా బాధ లేదనేవాళ్లూ ఉంటారు. గ్రంథి సంగతి స్కాన్ చెప్తుంది, ముద్ద దిగుతుందా లేదా అన్నది మనిషే చెప్పాలి. రెండూ ఫైల్‌లో ఉండాలి.

అన్నిటికన్నా విలువైన బొమ్మ చికిత్సకు ముందు తీసే ప్లానింగ్ సీటీ. పరోటిడ్ ఎక్కడుందో దాని మీద గీసి, కిరణాలను పక్కకు మళ్లించవచ్చు. ఈ పద్ధతి పేరు ఐఎంఆర్‌టీ. బ్రిటన్‌లో 94 మందితో చేసి 2011లో ప్రచురించిన ట్రయల్‌లో, ఏడాది తర్వాత పాత పద్ధతివాళ్లలో 74 శాతం మందికి నోరు బాగా ఎండితే, ఐఎంఆర్‌టీ వాళ్లలో 38 శాతం మందికే ఎండింది.

జనగామలో రైలెక్కి హైదరాబాద్‌కు వైద్యానికి పోయే మనవాళ్లు, సర్కారు ఎంఎన్‌జె ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా, ఆ ప్లానింగ్ రోజే అడగాల్సిన మాట ఒకటే: "సార్, లాలాజల గ్రంథులకు ఎంత డోసు పడుతుంది, తగ్గించే వీలుందా?" గడ్డ గ్రంథిని ఆనుకుని ఉంటే తగ్గించడం కుదరకపోవచ్చు. అప్పుడు కూడా కారణం తెలుస్తుంది. చికిత్సకు ముందే పళ్ల డాక్టర్‌కు చూపించుకోండి, ఎందుకంటే లాలాజలం లేని నోట్లో పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. తర్వాత ఎప్పుడు పన్ను తీయించాల్సి వచ్చినా రేడియేషన్ సంగతి ముందే చెప్పండి, దవడ ఎముకకు ప్రమాదం ఉంటుంది.

ప్రాణం దక్కాక నోరు ఎండుతోందని చెప్పుకోవడం గొంతెమ్మ కోరిక కాదు. దక్కిన ప్రాణం నిలవాలంటే నాలుగు ముద్దలు దిగాలి కదా!