జపాను పిల్లి - ఉద్దానము పిల్లలు

ఇచ్ఛాపురమునకు చేరువ, సముద్రపు టొడ్డున నున్న మత్స్యకార గ్రామము డొంకూరు. అచ్చటి బాలునికి గాని, పలాస జీడితోటల నడుమ పెరుగు బాలికకు గాని డోరేమాన్ ఎవరో చెప్ప నక్కరలేదు. ఇరువదిరెండవ శతాబ్దమునుండి దిగివచ్చిన ఆ యంత్రపు పిల్లి టెలివిజను పుణ్యమా యని మన యిండ్లలో తెలుగే మాటాడుచున్నది. మాట మనది, వీధి, బడి, పండుగ, ఆ పిల్లి మనసుపడి తిను దొరయాకి యను తీపిరొట్టె - ఇవన్నియు జపానువారివి.

దీనిని పరదేశపు దండయాత్ర యని నిందించు పెద్దలు కలరు. నిందించుట సులభము, కారణ మరయుట మేలు.

డోరేమాన్ 1969లో బడిపిల్లలకై తరగతుల వారీగా వెలువడు మాసపత్రికలలో బొమ్మలకథగా పుట్టినది. అందలి నోబిటా లెక్కలు రాక గురువుచే చీవాట్లు తిను సామాన్య బాలుడు; కావుననే ఏ దేశపు పిల్లవానికైనను తోటివాడయ్యెను. 1979 నుండి ఆ కథ టెలివిజనులో స్థిరపడినది. 2008లో జపాను విదేశాంగశాఖ ఆ పిల్లిని తమ బొమ్మల చిత్రములకు రాయబారిగా నియమించినది. ప్రభుత్వపు గౌరవము లభించుటకు సుమారు నలువదేండ్లు ముందే పిల్లల పత్రిక తన పని చేసియుండెను.

ఇట్టి యారంభము మనకును కలదు. 1947లో, యుద్ధమున చితికిన జపానులో, తెజుకా ఒసాము 'కొత్త నిధుల దీవి' యను బొమ్మలకథను గీసెను. ఆ సంవత్సరము జూలైలోనే మద్రాసున నాగిరెడ్డి, చక్రపాణిగారలు 'చందమామ'ను వెలువరించిరి. తెజుకా సృష్టించిన యంత్రబాలుడు 1963 జనవరి 1న టెలివిజను కెక్కెను. చందమామ పదికి పైగా భాషలలో దేశమంతట తిరిగెను. దాని ముఖచిత్రములకు వన్నె తెచ్చిన 'వపా', వడ్డాది పాపయ్యగారు, శ్రీకాకుళమున జన్మించినవారే. అయినను 2013 నాటికి చందమామ అచ్చు ఆగిపోయినది. జపానులో పత్రిక టెలివిజనునకు, టెలివిజను చలనచిత్రమునకు ఊతమైనవి. మన పత్రిక ఒంటరిగా వృద్ధాప్యము పొందినది.

మన కథలకు పరదేశమున గిరాకి లేదందుమా? స్త్రీలు మాత్రమే నటించు తకరజుకా నాటక సమాజము, 1914లో తొలి ప్రదర్శన మిచ్చినది, 2024 జనవరిలో మన 'ఆర్ ఆర్ ఆర్' చిత్రకథను భీముడు కేంద్రముగా సంగీతనాటకముగా ప్రదర్శించినది. మన గోండు వీరుని పేరు జపాను రంగస్థలముపై మారుమ్రోగినది.

ఇక కథావస్తువునకు ఉద్దానమున కొదవ యేమి? వల లాగు తండ్రి, జీడిపిక్కలు ఒలుచు తల్లి, 2018 అక్టోబరున తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరితోటలు, తప్పెటగుళ్ల చిందులు, జముకుల కథ - ఇవి పిల్లలు కన్నులార చూచినవి, విన్నవి. వీటిని వారు బొమ్మలలో చూడలేదు. కావున ఇవి కథలకు తగవని తలంచుటకు అవకాశము కలదు. అసలు ప్రమాద మిదియే.

డోరేమానును మాన్పింప నక్కరలేదు. వారమున కొక గంట పిల్లలచే తమ యూరి కథను బొమ్మలతో గీయించి, బడిగోడపై అంటించిన చాలును. ఇందుకు ఉపాధ్యాయుని పూనికయే పెట్టుబడి. ఆ జపాను పిల్లియు కన్ను తెరచినది బడిపిల్లల పత్రికలోనే గదా!