జీతం ఆయనది, సంతకం ఆమెది

జీతంలో కోత అంటే ఏమిటో మా కారేపల్లి ఆడవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సింగరేణి సంస్థకు పేరిచ్చిన సింగరేణి ఊరు మా మండలంలోదే. డోర్నకల్ నుంచి వచ్చే రైలు పట్టాలు మా జంక్షన్‌లోనే చీలి ఇల్లందు వైపు, కొత్తగూడెం వైపు పోతాయి. బొగ్గుబాయి జీతంలో ఆదాయపు పన్ను ఎంత పోయిందో ఇల్లాలికి నోటిలెక్కగా తెలిసిన ఊళ్ళు ఇవి. కార్మికులకు ఆ పన్ను ఎత్తేయాలన్న డిమాండు వింటూనే పెరిగాం.

ఇప్పుడు కోత పడే జీతం ఇంకా దూరం పోయింది. ఒకింటి పిల్లాడు దుబాయ్‌లో, ఇంకో ఇంటి పిల్ల టెక్సాస్‌లో. ఊళ్ళో నలుగురికీ కాగితాలు నింపిపెట్టే అలవాటు నాకుంది కాబట్టి ప్రశ్నలూ నా దగ్గరికే వస్తాయి. "అక్కా, పిల్లగాడు పంపిన పైసలకు పన్ను పడుద్దా?" అన్నది మొదటి ప్రశ్న. పడదు. కొడుకు తల్లికి, భర్త భార్యకు పంపిన డబ్బు పుచ్చుకున్నవాళ్ళ ఆదాయం కాదు. అయితే అసలు చిక్కు ఈ ప్రశ్నలో లేదు. ఎవరూ అడగని ప్రశ్నల్లో ఉంది.

గల్ఫ్ సంగతి ముందు చూద్దాం, అది చిన్నది. సౌదీ, కువైట్, ఖతార్, ఎమిరేట్స్‌లో కూలీ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఒమన్ మాత్రం 2025లో చట్టం చేసింది. 2028 నుంచి, అదీ ఏడాదికి 42,000 రియాళ్ళు దాటిన ఆదాయం మీద 5 శాతం. మన మేస్త్రీలకూ డ్రైవర్లకూ ఆ సెగ తగలదు. ఇక్కడి సర్కారు పన్ను వేస్తుందా అన్న భయం 2020 బడ్జెట్ అప్పుడు గల్ఫ్ ఇళ్ళన్నిటినీ ఒక రోజు నిద్రపోనివ్వలేదు. మర్నాడే, ఫిబ్రవరి 2న, అక్కడి కూలి మీద ఇక్కడ పన్ను లేదని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. చివరికి చట్టమైనది 15 లక్షలు దాటిన ఆదాయం ఇక్కడ సంపాదించేవాళ్ళకే వర్తించేలా అయింది.

ఒక్క మెలిక ఉంది. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఆ ఏడాదిలో 182 రోజులు ఇక్కడే ఉన్నవాళ్ళు చట్టం లెక్కలో ఇక్కడివాళ్ళే. అంటే డిసెంబరులో విమానం ఎక్కిన మనిషికి మార్చి దాకా అక్కడ వచ్చిన జీతం కూడా ఈ ఏటి లెక్కలో కలుస్తుంది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టులో ముద్ర పడిన తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోవడం మంచిది.

అమెరికా దారి వేరు. అక్కడ జీతం ఇచ్చే కంపెనీయే పన్ను పట్టుకుని మిగిలింది చేతికిస్తుంది. దానికి తోడు సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం, వెరసి 7.65 శాతం విడిగా పోతుంది. ఇది ముసలితనపు పెన్షన్‌కూ వైద్యానికీ. ఆ పెన్షన్ అందాలంటే సుమారు పదేళ్ళు అక్కడ జీతం మీద ఇది కట్టి ఉండాలి. ఆరేళ్ళు హెచ్1బీ మీద పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు కట్టింది అక్కడే ఉండిపోతుంది. ఆ దేశంతో మనకు సామాజిక భద్రత ఒప్పందం లేకపోవడమే కారణం. బ్రిటన్‌తో 2025 జులైలో వాణిజ్య ఒప్పందంతో పాటు, తాత్కాలికంగా కంపెనీ పంపినవాళ్ళకు ఈ కోత లేకుండా ఏర్పాటు కుదిరింది. చిన్న దేశాలు ఎన్నో అమెరికాతో కుదుర్చుకున్న పని, అన్ని లక్షల మందిని పంపిన మనకు ఇన్నేళ్ళూ ఎందుకు కాలేదు? అడగాల్సినంత గట్టిగా ఎవరూ అడగలేదనే నా అనుమానం. చదువు వీసా మీద వెళ్ళిన పిల్లలకు మాత్రం మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ 7.65 శాతం పట్టకూడదు. చదువు అయ్యాక ఆ వీసా మీదే చేసే ఉద్యోగానికీ అంతే. పొరపాటున పడితే కంపెనీని అడిగి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈసారి ఫోన్లో అన్నం తిన్నావా అని అడిగాక ఇది కూడా అడగండి.

ఇక అక్కడికి కాపురానికి వెళ్ళిన మన అమ్మాయిల సంగతి. భార్యాభర్తలు కలిపి ఒకే రిటర్ను వేస్తే అక్కడ సాధారణంగా పన్ను తగ్గుతుంది. అందుకని హెచ్4 వీసా మీద ఇంట్లో ఉన్న పిల్ల చేత కూడా సంతకం పెట్టిస్తారు. "ఇక్కడ పెట్టు" అంటే పెడుతుంది. ఆ సంతకం అర్థం ఏమిటంటే, ఆ రిటర్నులో ఉన్న ప్రతి అంకెకూ, కట్టని ప్రతి డాలరుకూ ఇద్దరూ పూర్తిగా బాధ్యులు. సగం సగం కాదు. రేపు విడాకులైనా ఆ ఏడాది బాకీకి ఆమెను అడగవచ్చు. భర్త దాచిన ఆదాయం తనకు తెలియదనీ, తెలిసే వీలు లేదనీ నిరూపించుకుంటే ఊరట ఇచ్చే నియమం ఉంది. కానీ చదవకుండా సంతకం చేశాననడం ఒక్కటే చాలదు. విడిగా రిటర్ను వేసుకునే హక్కు కూడా ఆమెకు ఉంది, కాకపోతే పన్ను ఎక్కువ పడొచ్చు. ఇంకో మాట. ఇలా కలిపి వేసినప్పుడు పుట్టింటివాళ్ళు ఆమె పేరిట వేసిన డిపాజిట్ వడ్డీ, ఖమ్మంలో ఆమె పేరునున్న ఇంటి అద్దె కూడా చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ తగ్గింపు ఉంటుంది, దాచడానికి మాత్రం లేదు. పెళ్ళిలో ఇచ్చినవన్నీ లెక్కరాసి పంపే మనం ఈ కాగితాలు కూడా పిల్ల పెట్టెలో పెట్టాలి కదూ.

ఇక్కడున్న తల్లుల దగ్గరికి వద్దాం. "నా తర్వాత వాడికే కదా" అని డిపాజిట్‌లో కొడుకు పేరు కలపడం మనకు అలవాటు. ఆ కొడుకు అమెరికాలో స్థిరపడితే, వాడి పేరున్న విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అక్కడి ఖజానా శాఖకు తెలపాలి. డబ్బు తల్లిదే అయినా సరే. తెలపకపోతే పడే జరిమానా వేల డాలర్లలో ఉండొచ్చు. ఆస్తి అందాలన్నదే మీ కోరికైతే ఉమ్మడి ఖాతాకు బదులు నామినీగా పేరు రాసి, చిన్న వీలునామా రాసుకుంటే సరిపోతుంది.

పిల్లల సొంత ఖాతా ఇక్కడ మామూలు సేవింగ్స్‌గానే నడుస్తుంటే అది తప్పు. బ్యాంకుకు చెప్పి ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. మార్పిస్తే వడ్డీ మీద 30 శాతం, దానిపై సెస్సుతో 31.2 శాతం మొదటి రూపాయి నుంచే పట్టుకుంటారు. మనం 15జీ పేరుతో ఎరిగిన మినహాయింపు కాగితం వాళ్ళకు చెల్లదు. అమెరికాలో ఉన్నవాళ్ళు అక్కడి నివాస ధ్రువపత్రం ఇస్తే ఒప్పందం ప్రకారం 15 శాతానికి, ఎమిరేట్స్ వాళ్ళు ఇస్తే 12.5కి తగ్గుతుంది. మొత్తం ఆదాయం 4 లక్షల లోపే అయితే, 2025-26 నుంచి కొత్త విధానంలో రిటర్ను వేసి పట్టుకున్నదంతా వెనక్కి అడగవచ్చు. అక్కడి సంపాదన ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేస్తే వడ్డీకి ఇక్కడ పన్నే లేదు. కువైట్ ఇళ్ళలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళకు ఇది చెప్పేవాళ్ళు ఉన్నారా? వాళ్ళు పంపిన డబ్బు చాలాసార్లు మగవాళ్ళ ఖాతాల్లోనే చేరుతుంది. ఎన్‌ఆర్‌ఈ ఖాతా తన పేరిట ఉంటే పన్ను మాట అటుంచి, డబ్బు తనదని చెప్పుకోవడానికి కాగితమైనా ఉంటుంది.

చట్టం కూడా ఈ విషయంలో ఏమంత గొప్పగా లేదు లెండి. భర్త పంపిన డబ్బు భార్య తన పేరున డిపాజిట్ చేస్తే ఆ వడ్డీని భర్త ఆదాయంలోనే కలపాలంటుంది. ఆ వడ్డీని మళ్ళీ దాస్తే, దాని మీద వచ్చే వడ్డీ మాత్రం భార్యది. కొసరు మనకన్నమాట!

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలేది స్థలం కొన్నప్పుడు. ఇక్కడివాళ్ళ దగ్గర 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటేనే 1 శాతం పట్టుకుని కట్టాలి. అమ్మేవాళ్ళు విదేశంలో స్థిరపడ్డవాళ్ళైతే అంత పెద్ద మొత్తం కానక్కర్లేదు. వాళ్ళు రెండేళ్ళకు పైగా ఉంచుకున్న స్థలం 30 లక్షలకు కొన్నారనుకోండి. 2024 జులై 23 నుంచి ఉన్న 12.5 శాతం లెక్కన 3,75,000, సెస్సు 15,000, మొత్తం 3,90,000 మీరే పట్టుకుని సర్కారుకు కట్టాలి. లాభం అంత రాలేదని అమ్మేవాళ్ళు ముందుగా తక్కువ కోతకు సర్టిఫికెట్ తెస్తే ఆ మేరకు తగ్గుతుంది. అదేమీ లేకుండా మొత్తం సొమ్ము చేతిలో పెట్టేస్తే, ఆ పన్నును ఆదాయపు పన్ను శాఖ మీ దగ్గరే వసూలు చేస్తుంది, వడ్డీతో సహా. ఈమధ్య స్థలాలు ఆడవాళ్ళ పేరిట కొనే ఇళ్ళు పెరిగాయి. నోటీసు కూడా ఆ పేరుకే వస్తుంది. అమ్మేవారి తమ్ముడో బావో పవర్ ఆఫ్ అటార్నీతో వచ్చి సంతకం చేస్తాడు కాబట్టి యజమాని ఎక్కడున్నాడో మనకు తోచదు. బయానా ఇచ్చేముందే అడిగి, ఆ మాట అగ్రిమెంటులో రాయించుకోండి.

ఈ కోత కట్టడానికి కొనేవాళ్ళు టాన్ అనే వేరే నంబరు తీసుకోవాలన్న నిబంధన ఉండటంతో చాలామంది జంకేవారు. ఆ బెడద లేకుండా సొంత పాన్ మీదే కట్టేలా మారుస్తామని 2026 బడ్జెట్‌లో ప్రకటించారు. రిజిస్ట్రేషన్‌కు వెళ్ళే ముందు మీ ఆడిటర్‌ని అడగాల్సిన మొదటి మాట అదే.