పడోసీ అఖీదా తెలుసుకుంటే మన ఈమాన్ పోతుందా?



పోయిన ఇత్వార్ చిత్తూరులో మా ఆపా ఇంటికి పోయినాను. కాన్వెంట్‌లో ఏడో తరగతి చదివే భాంజీ దస్తర్‌ఖాన్ దగ్గర అడిగింది: "మామూ, మా సిస్టర్లు దేవుడు ఒక్కడే అంటారు. మళ్లీ పిత, పుత్ర, పవిత్రాత్మ అంటారు. ఒక్కరా, ముగ్గురా?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మీ అందుకుంది: "తౌబా తౌబా! ఆ మాటలు మనకెందుకు? ఈమాన్ ఖరాబ్ అవుతుంది." పిల్ల తల దించుకుని అన్నం తినింది.

నాకు బాధేసింది. తాలీమ్ బాగుంటుందని పిల్లను కాన్వెంట్‌కు పంపింది మనమే. జబ్బు ముదిరితే, మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్ మొదలుపెట్టిన వేలూరు సి.ఎం.సి.కి పరుగెత్తేదీ మనమే. వాళ్ల బడి కావాలి, ఆస్పత్రి కావాలి. వాళ్లేమి నమ్ముతారో మాత్రం తెలుసుకోకూడదా?

కేథలిక్కుల అఖీదా వాళ్లు చెప్పుకునే తీరులోనే విందాం. దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దేవునిలో ముగ్గురు వ్యక్తులు. మనం తస్లీస్ అనేదాన్ని వాళ్లు త్రిత్వం అంటారు. ముగ్గురు దేవుళ్లంటే వాళ్ల చర్చే ఒప్పుకోదు. పుత్రుడంటే ఆలుమగలకు పుట్టినట్టు పుట్టిన బిడ్డ అని కాదు, దేవుని వాక్కే మనిషిగా వచ్చిందని. ఏసు సిలువ మరణం మనుషుల పాపాలకు కఫ్ఫారా అనీ, మూడో రోజు ఆయన తిరిగి లేచాడనీ వాళ్ల నమ్మకం. జ్ఞానస్నానంతో మొదలై ఏడు సంస్కారాలున్నాయి. పూజలో అప్పం, ద్రాక్షరసం క్రీస్తు శరీర రక్తాలవుతాయంటారు. మరియమ్మను ఆరాధించమనీ, మా కోసం దుఆ చేయమని అడుగుతామనీ అంటారు. కడప పెద్ద దర్గాకు పోయి వసీలా కోరే మనవాళ్లకు ఈ మాట తొందరగానే అర్థమవుతుంది.

మరి ఫరఖ్ లేదా? ఉంది, అది చిన్నది కాదు. మనకు హజ్రత్ ఈసా అలైహిస్సలాం అల్లా రసూల్, కొడుకు కాదు. ఆయనను సిలువ వేయలేదని సూరా నిసా చెబుతుంది. దీన్ని దాచిపెట్టి "అన్నీ ఒకటే" అనడం రెండు దీన్‌లకూ ఇన్సాఫ్ కాదు. అయితే బీబీ మర్యమ్ పేరుతో ఖురాన్‌లో 19వ సూరా ఉంది. మక్కా జుల్మ్ తట్టుకోలేక హబ్షా పోయిన సహాబాలు ఆ సూరా వినిపించింది క్రైస్తవ రాజు నజాషీకే. ఆయన వాళ్లకు పనాహ్ ఇచ్చాడు.

ఇక ప్రచారం సంగతి. మనం ఇంజీల్ అంటాం, వాళ్లు సువార్త అంటారు. ఇంజీల్ మాట మూలం గ్రీకులో ఉంది, దాని అర్థం శుభవార్తే. దాన్ని నలుగురికీ చెప్పడం ప్రతి విశ్వాసి బాధ్యత అని వాళ్ల చర్చి నేర్పుతుంది. మనకు దావత్ ఎలాగో వాళ్లకు అదలాగ. ఇది మన గడ్డకు కొత్త కాదు. తిరుపతి పక్కనే ఉన్న చంద్రగిరిలో, వెంకటపతిరాయల దర్బారుకు జెసూట్ ఫాదర్లు 1598లోనే వచ్చారు. ఉత్తరాన అక్బర్ దర్బారులో వాళ్లు ఉలమాతో బహస్ చేసిన కాలమది. 18వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రెంచి జెసూట్లు పుంగనూరులో మిషన్ పెట్టారు.

ఇప్పుడు మనల్ని మనం అడగాలి. మన మసీదులో గైర్‌ముస్లిం సోదరుడికి ఖురాన్ తెలుగు తర్జుమా ఇస్తే దావత్, వాళ్లు బస్టాండులో కొత్త నిబంధన ఇస్తే సాజిషా? రాజ్యాంగం 25వ అధికరణం ఇద్దరికీ ఒకే హక్కు ఇచ్చింది. ఫాదర్ స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీంకోర్టు దాని హద్దూ చెప్పింది: నీ మతం గురించి వివరించవచ్చు, అంతేగానీ ఎదుటివాడిని మార్చే హక్కు నీకు లేదు. 1965లో వాటికన్ కౌన్సిల్ కూడా దీన్‌లో బలవంతం కూడదనే చెప్పింది. మన సూరా బఖరా చెప్పేదీ అదే.

హక్కుతో పాటు అదబ్ ఉండాలి. తిరుమల కొండ మీద అన్యమత ప్రచారాన్ని ప్రభుత్వం 2007లో నిషేధించింది. నా రాయ్‌లో అది సబబే. ఇంకొకరి ఇబాదత్‌గాహ్‌లో నిలబడి మన మాట వినిపించడం తబ్లీగ్ కాదు, బద్‌తమీజీ. రోగి మంచం పక్కన, ఆకలిగొన్నవాడి కంచం పక్కన బేరం పెట్టడమూ అంతే. ఎవరు చేసినా గల్తీయే. కానీ ఊరికే అనుమానంతో ఒక పాస్టర్ సంచి లాగి వెతికే చెయ్యి, రేపు మన జమాత్ బిస్తర్లూ విప్పిస్తుంది. ఈరోజు మనం చప్పట్లు కొడితే, రేపు మన కోసం గొంతెత్తేది ఎవరు?

అన్నం తిన్నాక భాంజీని మిద్దె మీదికి పిలిచి చెప్పినాను: "ఒక్కడే అంటారు బేటా. ఆ ఒక్కడి గురించి వాళ్ల సమఝ్ వేరు, మనది వేరు."

"మరి మన దాంట్లో మరియమ్మ ఉందా అని సిస్టర్ అడిగితే?"

"సూరా మర్యమ్ ఉందని చెప్పు. ముందు నువ్వు అర్థంతో చదువు."

కిందికి పోయి తర్జుమా తీసి చదవడం మొదలుపెట్టింది. అమ్మీ పక్కనే కూర్చుని విన్నది, ఈసారి ఆపలేదు. మన ఇళ్లలో పిల్లలు అడుగుతారు. వాళ్ల నోరు మూయిస్తే ఈమాన్ మిగలదు, భయం మిగులుతుంది. జవాబు చెప్పండి. తెలియకపోతే పిల్లలతో కలిసి చదవండి.

ఖుదా హాఫిజ్.