పెళ్లి ఒప్పందం కన్నా కానుకల జాబితా మేలు

ఆర్మూరు: పసుపు పైకం చేతికందాక ఈ ప్రాంతంలో పెళ్లి మాటలు ఊపందుకుంటాయి. రేపు తగాదా వస్తే ఏది ఎవరికన్నది ముందే స్టాంపు కాగితంపై రాసుకుంటే మేలు కాదా అని కొందరి ఆలోచన.

ముస్లిం కుటుంబాలకు ఇది కొత్త కాదు. నిఖానామాలో రాసిన మెహర్ భర్త తీర్చవలసిన బాకీయే. హిందూ వివాహంలో అలాంటి ఏర్పాటు లేదు. విడిపోతే భరణం అడగనని వధువు ముందే రాసిచ్చినా కోర్టులో నిలవదు. కట్నం ఒప్పందం 1961 చట్టం ప్రకారం చెల్లదు, ఇచ్చిపుచ్చుకోవడం నేరం.

నిలిచే కాగితాలు వేరే ఉన్నాయి. 1985 నిబంధనల ప్రకారం కానుకల జాబితాలో వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయితే జాబితా లేకుంటే ఎంత పెట్టారో రుజువు చేయడం కష్టం.

పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చేవారు నోటిమాటతో సరిపెట్టరాదు. ఇద్దరు సాక్షులతో దానపత్రం రిజిస్టరు చేయించాలి. స్టాంపు ఖర్చు తప్పదు గాని, రేపు అన్నదమ్ములతో పేచీ తప్పుతుంది.

రాతకోతలంటే వియ్యంకులు నొచ్చుకోవచ్చు. కాని పసుపు అమ్మితే తక్‌పట్టీ అడిగే రైతు, బిడ్డకు పెట్టిన బంగారానికి కాగితం అడిగితే తప్పేమిటి?