జపానుదేశపు నటుల చిత్తరువులు

జపానుదేశమున కబుకీ యను నాటకకళకు మూలము ఒక స్త్రీయే. 1603వ సంవత్సర ప్రాంతమున ఓకునీ యను నామె క్యోటోనగరపు నదీతీరమున నాడి జనుల నలరించెను. 1629లో ప్రభుత్వమువారు స్త్రీలు రంగమెక్కరాదని శాసించిరి. నాటినుండి నేఁటివఱకును పెద్ద కబుకీశాలలలో స్త్రీవేషము పురుషునిదే. నటులు నొసటిపై జుట్టు గొరిగించుకొనవలయునని పిమ్మట మఱియొక కట్టడి వచ్చెను. స్త్రీవేషధారులు ఆ బోడిచోటును ఊదారంగు గుడ్డతోఁ గప్పుకొనిరి. ఆ గుడ్డయే క్రమముగా సింగారమయ్యెను!

ఈ నటుల చిత్తరువులను కొయ్యపలకలపైఁ జెక్కి కాగితములపై నద్ది విక్రయించెడివారు. మన బందరు అద్దకమునందువలెనే రంగునకొక పలక. స్త్రీవేషధారులను నిజమైన సుందరులవలె వ్రాయుట చిత్రకారుల వాడుక. 1794లో షరాకు అనునతఁడు మాత్రము వేషముతోపాటు వేషధారినిగూడఁ జూపెను. సెగావా తోమిసబురో పటము చూడుఁడు. కొప్పు చక్కనిదే, వస్త్రము చక్కనిదే. మొగము మాత్రము పొడవు, చూపు కఱకు, దవడ మగవానిది. నాకీ పటమే మిక్కిలి నచ్చినది. మనల నెడలించిన చోట నిలిచినదెవరో ఇందు దాఁగలేదు.

అభిమానులకిది రుచించునా? మితిమీరి యథార్థమును వ్రాయఁబోయి షరాకు నిలువలేకపోయెనని ఆ కాలపువాఁడే యగు ఓటా నంపో వ్రాసెను. పదినెలలలో 140కి మించిన పటములు వెలువరించి, 1795లో అతఁడు కనుమరుగయ్యెను. 1910లో యూలియస్ కుర్ట్ అను జర్మను పండితుఁడు గ్రంథము వ్రాసినపిమ్మటఁ గాని ఆ పేరు లోకమున మాఱుమ్రోఁగలేదు.