గోడ మీద ఎర్ర రాత

మా పిన్ని వాళ్ళ ఇల్లు చాదర్‌ఘాట్‌లో, మూసీ పక్కనే. 2024 సెప్టెంబరులో సర్వే వాళ్ళొచ్చి గోడ మీద ఎర్రగా ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి వెళ్ళారు. ఇంట్లో గోడకి రంగు మార్చాలన్నా మనం పిల్లల్ని అడుగుతాం కదండీ!

మూసీ బాగుపడాలని పిన్నికీ ఉంది. ఆ కంపుకి కిటికీలు మూసుకుని అన్నం తిన్న మనిషి. వానొస్తే నీళ్ళు ముందు ఏ సందులోకి వస్తాయో అడిగితే చెప్పేది. ఎవరూ అడగలేదు.

డబుల్ బెడ్‌రూమ్ ఇల్లిస్తామంటున్నారు. మంచిదే. మరి పిల్లల బడి? పిన్ని కుట్టుమిషన్‌కి గిరాకీ? (బాబాయికి ఇవి గుర్తురావు లెండి.)

నాదొకటే మాట. గోడ మీద గీసే ముందు ఆ మ్యాపు తెచ్చి బస్తీలో పరవండి. తెలుగులో, ఉర్దూలో చెప్పండి. అదీ సాయంత్రం, ఆడవాళ్ళ పనులయ్యాక.